పాత కంప్యూటరునకు కొత్త వ్యవస్థ: మార్చవలెనా, మానవలెనా?

“కొత్తొక వింత, పాతొక రోత” అను సామెత కంప్యూటరుల విషయమున నిజమైనంతగా వేరొక వస్తువు విషయమున నిజము కాలేదేమో. నాలుగేండ్ల క్రిందట కొన్న యంత్రమును చూచి, “ఇది ముసలిదైపోయినది, మార్చివేయుడు” అనుచున్నారు మన యువకులు. పండ్రెండేండ్లుగా ఒకే యంత్రముతో పని గడుపుకొనుచున్న పెద్దలు, “బాగుగా నడచుచున్న బండికి చక్రములు మార్చుట యెందుకు?” అనుచున్నారు. ఈ వాదము ఇటీవల మన ద్వీపమున అనేక గృహములలో వినవచ్చుచున్నది. మన దేవాలయ సంఘము కార్యాలయములోను వినవచ్చినది.

మా యభిప్రాయమున ఈ రెండు పక్షములవారును యంత్రము వయస్సును గూర్చియే మాటలాడుచున్నారు. అడుగవలసిన ప్రశ్న అది కాదు. ఆ యంత్రములో మనము దాచుకొన్నదేమి? దానితో మనము చేయుచున్న పని యేమి? అది వీధి తలుపు తెరచుకొని, అనగా ఇంటర్నెట్టుతో కలిసి, పనిచేయుచున్నదా, లేక గదిలో ఒంటరిగా పనిచేయుచున్నదా? ఈ మూడింటికి జవాబు దొరకినచో మార్చవలెనా, మానవలెనా అన్నది చాలవరకు తేలిపోవును. ఈ సంగతిని మన కుటుంబములకు విశదపరచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

వ్యవస్థ యనగా నేమి?

ఆపరేటింగ్ సిస్టమ్ అను మాటను కంప్యూటరు ఉన్న ఇంటివారందరును వినియుందురు. దాని పని యేమో మన కోవెలను తలచుకొన్నచో సులభముగా తెలియును. ఉత్సవమునాడు అర్చకులు పూజ చేయుదురు. భజన బృందము పాడును. వంటశాలలో ప్రసాదము సిద్ధమగును. పిల్లలు కోలాటము వేయుదురు. వీరందరికి స్థలమును, సమయమును, దీపమును, నీటిని, తాళపు చెవులను పంచి యిచ్చు నిర్వాహకుడొకడు ఉండవలెను. అతడు పాడడు, వండడు. కాని అతడు లేనిదే ఎవరి పనియు సాగదు. కంప్యూటరులో ఆ నిర్వాహకుని స్థానము ఆపరేటింగ్ సిస్టమ్‌ది. ఉత్తరములు వ్రాయు ప్రోగ్రాము, లెక్కలు చూచు ప్రోగ్రాము, ప్రింటరును నడపు ప్రోగ్రాము, అన్నియు దాని యనుమతితోనే పనిచేయును. తలుపు కావలియు దానిదే.

మన ఇండ్లలో సాధారణముగా కనబడునది మైక్రోసాఫ్ట్ సంస్థవారి విండోస్. అందులో విండోస్ ఎక్స్‌పి 2001లోను, విండోస్ 7 2009లోను, విండోస్ 10 2015లోను, విండోస్ 11 2021లోను వెలువడినవి. ప్రతి తరమునకు సంస్థవారు కొన్ని యేండ్లు పోషణ నిచ్చి, పిమ్మట మానుకొందురు. ఎక్స్‌పికి 2014 ఏప్రిల్ 8వ తేదీన, విండోస్ 7కు 2020 జనవరి 14వ తేదీన, విండోస్ 10కి 2025 అక్టోబరు 14వ తేదీన ఆ సాధారణ పోషణ ముగిసినది. ఈ చివరి తేదీయే ఇప్పటి కలవరమునకు కారణము.

గడువు తీరిన పిమ్మట జరుగునదేమి?

మొదట ఒక భయమును తొలగింపవలెను. గడువు తీరిన నాడు యంత్రము ఆగిపోదు. మీ ఛాయాచిత్రములు చెరిగిపోవు. మరునాడు ఉదయము మీట నొక్కినచో ఎప్పటివలెనే దీపము వెలుగును. తీరిపోయినది కావలి మాత్రమే.

ఆ కావలి యెట్టిదో చెప్పెదము. కోట్ల పంక్తులు గల ఇంత పెద్ద ప్రోగ్రామును మానవులు వ్రాసినప్పుడు అందులో ఎక్కడో ఒకచోట కన్నములు మిగిలియే యుండును. వానిని వెదకి పట్టువారు రెండు తెగలవారు: పూడ్చుటకు వెదకువారు కొందరు, దొంగతనమునకు వెదకువారు కొందరు. కన్నము బయటపడినప్పుడెల్ల సంస్థవారు దానిని పూడ్చు అప్‌డేటులను పంపుదురు. మైక్రోసాఫ్ట్ వారు ప్రతి నెలయు రెండవ మంగళవారమున వీనిని విడుదల చేయుట ఆచారము. గడువు తీరిన వ్యవస్థకు ఇవి రావు. అంతేకాదు, కొత్త వ్యవస్థకు ఏ కన్నము పూడ్చిరో పరిశీలించి, పాత వ్యవస్థలో అదే కన్నము తెరచియున్నదని దొంగలు గ్రహింపగలరు. కావున కాలము గడచుకొలది పాత యంత్రమునకు ప్రమాదము పెరుగుచునే యుండును.

దీనికి ఒక నిదర్శనము. 2017 మే 12వ తేదీన “వన్నాక్రై” అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచముపై బడినది. అది యంత్రములోని దస్తావేజులకు తాళము వేసి, తాళము తీయుటకు ధనము కోరెడిది. దాదాపు 150 దేశములలో రెండు లక్షలకు పైగా యంత్రములు దాని వాతబడినవి. బ్రిటన్ ప్రభుత్వ వైద్యశాలలలో చికిత్సలు వాయిదా పడినవి. విచారింపదగిన సంగతి యేమనగా, అది దూరిన కన్నమును పూడ్చు మందును సంస్థవారు మార్చి 14వ తేదీననే, అనగా రెండు నెలల ముందే, ఇచ్చియుండిరి. నష్టపోయినవారు చాలవరకు ఆ మందును వేసికొననివారు, లేదా మందు అందని పాత వ్యవస్థలు వాడుచుండినవారు.

మరియొక నిదర్శనము మన తెలుగు అక్షరమునకే సంబంధించినది. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థవారి ఐఫోనులకు ఒక విచిత్రమైన జబ్బు చేసినది. “జ్ఞా” అను అక్షరము ఒక ప్రత్యేకమైన రీతిలో, నడుమ కంటికి కనబడని యొక చిహ్నముతో కూడి, సందేశములో వచ్చినచో దానిని చూప ప్రయత్నించిన ప్రోగ్రాము కుప్పకూలెడిది. జ్ఞానమునకు మొదటి అక్షరమును చదువలేక యంత్రము తలక్రిందులైనదని అందరును నవ్వుకొనిరి. ఆ నెల 19వ తేదీన సంస్థవారు అప్‌డేటు నిచ్చి దానిని సరిచేసిరి. అప్‌డేటులు తీసికొనుచున్న ఫోనులకు జబ్బు వదలినది. మన లిపి వంటి సంయుక్తాక్షరముల లిపికి నిరంతరమైన పోషణ ఎంత యవసరమో దీనివలన తెలియుచున్నది.

ఇంటర్నెట్టుతో కలియని యంత్రమునకు ఈ ప్రమాదము చాలవరకు తగ్గును. పూర్తిగా లేదనలేము, ఒకరి నుండి యొకరికి తిరుగు పెన్‌డ్రైవుల ద్వారా కూడ దుష్ట ప్రోగ్రాములు వ్యాపించును. ఐనను, బ్యాంకు వ్యవహారములు చూచుకొను యంత్రమునకును, పాత పాటలు వినుటకు మాత్రమే పెట్టుకొన్న యంత్రమునకును ఒకే నియమము వర్తింపదు.

ఇచట పెద్దలకొక హెచ్చరిక. “మీ కంప్యూటరు గడువు తీరినది, మేము బాగుచేసెదము” అని ఫోనులో ఎవరైన చెప్పినచో నమ్మకుడు. ఈ సంస్థలేవియు ఇంటింటికి ఫోను చేసి అట్లు చెప్పవు. కార్డు సంఖ్యను గాని, సంకేత పదమును గాని చెప్పక ఫోను పెట్టివేసి, ఇంటిలోని పిల్లలకు చెప్పుడు.

యంత్రము యోగ్యత

విండోస్ 10 సక్రమముగా నడచుచున్న యంత్రమునకు యోగ్యత యున్నచో విండోస్ 11 ఉచితముగానే లభించును. చిక్కు యోగ్యత యొద్దనే యున్నది. నియమములు ఇవి: సంస్థవారి పట్టికలో చేరిన 64 బిట్ల ప్రాసెసరు, కనీసము 4 గిగాబైట్ల జ్ఞాపకశక్తి, 64 గిగాబైట్ల నిలువ స్థలము, సెక్యూర్ బూట్ అను రక్షణకు తగిన ఏర్పాటు, టి.పి.ఎమ్. 2.0 అను భద్రతా చిప్పు. ఇంటెల్ వారి ప్రాసెసరులలో 2017లో మొదలైన ఎనిమిదవ తరము నుండియు, ఎ.ఎమ్.డి. వారి వానిలో రైజెన్ 2000 వరుస నుండియు సాధారణముగా పట్టికలో చేరినవి. కావున 2016 నాటి మంచి యంత్రము కూడ ఈ పరీక్షలో నెగ్గదు. ఆ యంత్రము పనిచేయలేక కాదు. పట్టికలో లేకపోవుట వలన.

మైక్రోసాఫ్ట్ వారి “పి.సి. హెల్త్ చెక్” అను చిన్న ప్రోగ్రామును తెచ్చి నడపినచో మీ యంత్రమునకు యోగ్యత యున్నదో లేదో అదియే చెప్పును. “టి.పి.ఎమ్. లేదు” అని వచ్చినచో వెంటనే నిరాశపడవలదు. చాల యంత్రములలో ఆ సౌకర్యము ప్రాసెసరులోనే ఉండి, ప్రారంభ అమరికలలో ఆపివేయబడి యుండును. తెలిసినవారు దానిని తెరువగలరు. ప్రాసెసరే పట్టికలో లేనిచో మాత్రము చేయదగినది లేదు. ఈ నియమములను తప్పించుకొని విండోస్ 11ను ఎక్కించు ఉపాయములు కొన్ని ప్రచారములో ఉన్నవి. అట్టి యంత్రములకు అప్‌డేటులు వచ్చునను హామీ లేదని సంస్థవారే చెప్పియున్నారు. కావలి కొరకు మారుచు, కావలి లేని విధమున మారుట వ్యర్థము.

కాగితము మీద 4 గిగాబైట్లు చాలునని యున్నను, అనుభవమున 8 గిగాబైట్లు లేనిదే యంత్రము నత్తనడక నడచును. యంత్రము మందగించినదని బాధపడువారు మొదట దాని నిలువ పెట్టెను చూడవలెను. లోపల తిరుగు పళ్లెము గల పాత హార్డ్‌డిస్కు ఉన్నచో, దానిని తీసి ఎస్.ఎస్.డి. పెట్టించినంత మాత్రమున యంత్రమునకు కొత్త ప్రాణము వచ్చును. ముసలితనమని మనము తలచినది చాల సందర్భములలో ఆ డిస్కు మందకొడితనమే.

మన ముందున్న దారులు

మొదటి దారి: యోగ్యత యున్న యంత్రమును విండోస్ 11కు మార్చుట. ఇంటర్నెట్టుతో కలిసియున్న యంత్రమునకు ఇది ఉత్తమము; ఖర్చు లేదు.

రెండవ దారి: గడువు కొనుట. యోగ్యత లేని గృహ యంత్రములకు 2026 అక్టోబరు 13వ తేదీ వరకు భద్రతా అప్‌డేటులు పొందు ఏర్పాటును మైక్రోసాఫ్ట్ వారు 2025లో ప్రకటించిరి. 30 అమెరికా డాలర్లు చెల్లించుట గాని, యంత్రము అమరికలను వారి ఖాతాతో కలుపుట గాని, వారి బహుమాన పాయింటులు 1000 వినియోగించుట గాని చేయవచ్చునని తెలిపిరి. ఇది తాత్కాలికమైన దారి. ఆలోచించుకొనుటకు, ధనము కూడబెట్టుకొనుటకు ఉపయోగపడునే కాని శాశ్వత పరిష్కారము కాదు.

మూడవ దారి: లినక్స్. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన ఈ వ్యవస్థను నేడు ప్రపంచమందలి అనేకులు కలిసి పెంచుచున్నారు. దీనికి వెల లేదు. ఉబుంటు, లినక్స్ మింట్ అను రూపములు గృహస్థులకు అనుకూలముగా నుండును. ఉబుంటు దీర్ఘకాల పోషణ గల రూపము సరిసంఖ్య సంవత్సరముల ఏప్రిల్ నెలలో వెలువడును. ఐదేండ్ల పోషణ ఉండును. 2024లో వెలువడిన దానికి 2029 వరకు గడువున్నది. విండోస్ 11 నిరాకరించిన యంత్రములలో అనేకము దీనితో హాయిగా నడచును. పెన్‌డ్రైవు మీద పెట్టి, యంత్రములో ఏమియు మార్చక ముందే నడిపి చూచుకొనవచ్చును. ఐతే విండోస్ కొరకు వ్రాసిన ప్రోగ్రాములు దీనిలో సాధారణముగా నడువవు. ఉత్తరములు, లెక్కలు, వీడియోలు, ఇంటర్నెట్టు మాత్రమే కావలసినవారికి ఇది చక్కగా సరిపోవును.

నాలుగవ దారి: యంత్రమును ఇంటర్నెట్టు నుండి విడదీసి, ఉన్నదున్నట్లు వాడుకొనుట. పాత ప్రోగ్రాము ఏదైన తప్పనిసరియైనప్పుడు ఇదియే మార్గము.

ఐదవ దారి: వేరొక యంత్రము కొనుట. సరికొత్తది కానక్కరలేదు, కార్యాలయములవారు వాడి విడిచిన ఎనిమిదవ తరము యంత్రము చాలును. పాతదానిని మాత్రము చెరకు తోటల గట్టున పారవేయకుడు. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారము 2022లో ప్రపంచమున 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థములు పోగుపడగా, సక్రమముగా సేకరించి తిరిగి వాడుకకు తెచ్చినట్లు లెక్కకు వచ్చినది నూటికి 22 పాళ్లు మాత్రమే. అందలి సీసము వంటి విషములు నేలలోనికి, నీటిలోనికి దిగును. చిన్న ద్వీపమున మన చెత్త మన కాళ్ల యొద్దనే యుండునని మరువరాదు.

మన తెలుగు అక్షరముల మాట

ఇంతవరకు చెప్పినది ఏ దేశమువారికైనను వర్తించును. మన సంఘమునకు ప్రత్యేకముగా వర్తించు విషయమొకటి కలదు. ఈ చర్చలో మాకు అన్నిటికన్న ముఖ్యముగా తోచినది అదియే.

మన పత్రిక మొదటి సంచికలు సైక్లోస్టైల్ యంత్రము మీద తీసినవి. కాగితము పసుపుబారినది, సిరా వెలిసినది. ఐనను నేడు బీరువా తెరచి ఎవరైనను చదువవచ్చును. తరువాతి కాలపు సంచికలు కంప్యూటరు మీద కూర్చబడినవి. ఆ కాలమున తెలుగు ముద్రణకు వాడిన ఫాంటులలో చాలవాటికి ఒక లక్షణముండెడిది. రోమన్ అక్షరములకు కేటాయించిన స్థానములలో తెలుగు అక్షరముల బొమ్మలను అమర్చెడివారు. యంత్రము దృష్టిలో అది తెలుగు కాదు. తెలుగు వేషము వేసిన రోమన్ అక్షరముల వరుస. ఆ ఫాంటు ఉన్నంతకాలము తెలుగుగా కనబడును. ఆ ఫాంటును గాని, దానిని నడపు కూర్పు ప్రోగ్రామును గాని కొత్త వ్యవస్థ ఒప్పుకొననిచో వేషము తొలగిపోయి, అర్థము లేని గుర్తులు మిగులును.

యూనికోడ్ అను అంతర్జాతీయ పద్ధతి వేరు. 1991లో వెలువడిన దాని మొదటి సంపుటిలోనే తెలుగునకు 128 స్థానముల ప్రత్యేక విభాగము దొరకినది. అందు “క” ఎప్పుడును “క”యే. ఏ ఫాంటులో చూచినను, ఏ దేశపు యంత్రములో చూచినను “క”యే. విండోస్ ఎక్స్‌పి నాటి నుండి “గౌతమి” అను తెలుగు ఫాంటు వ్యవస్థతోడనే వచ్చుచుండెను. నేటి ఫోనులలో మనము వ్రాయు తెలుగంతయు యూనికోడ్ తెలుగే.

కావున నిజమైన ప్రమాదము పాత ఫాంటులలో నిలిచిన సంచికలకు, భజన పాటల సంపుటములకు, దాతల పట్టికలకు, స్వర్గస్థులైన పెద్దల జీవిత విశేషములకు ఉన్నది. వానిని తెరువగల పాత కూర్పు ప్రోగ్రాములలో కొన్ని నేటి యంత్రములపై నిలువవు. విండోస్ 11కు 32 బిట్ల రూపమే లేదు. అతిపురాతనమైన 16 బిట్ల ప్రోగ్రాములు దానిపై నడువనే నడువవు. ఇది చూచుకొనక పాత యంత్రమును తుడిచివేసినచో కోల్పోవునది యంత్రము కాదు.

మన పూర్వులు 1834 తరువాత కూలీ ఒప్పందములపై ఈ ద్వీపమునకు వచ్చినప్పుడు దొరతనమువారు వ్రాసికొన్న పట్టికలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో నేటికిని భద్రముగా నున్నవి. కోరంగి రేవు పేరున మనవారిని ఇచట చాలకాలము “కోరంగీలు” అని పిలిచిరి. ఆ కోరంగీల మనుమలు, మునిమనుమలు తమ పెద్దల పేరును, ఊరును నేడు ఆ కాగితములలో వెదకుకొనుచున్నారు. అవి శతాబ్దమునకు పైగా నిలిచినవి. మన చేతులతో మనమే మన భాషలో వ్రాసికొన్నవి ఇరువది యేండ్లైనను నిలువకున్నచో అది తగిన పని యగునా?

మార్చుటకు ముందు చేయవలసినవి

ఏ దారి పట్టినను మొదటి పని ప్రతులు తీయుట. మూడు ప్రతులు, రెండు వేర్వేరు సాధనముల మీద, ఒకటి వేరొక చోట: ఇది అంతటను ఆదరింపబడుచున్న నియమము. వేరొక చోట అను మాటకు మన ద్వీపమున విశేషార్థము కలదు. 1960లో కెరోల్ తుఫాను ఇండ్లనే నేలమట్టము చేసెను. 2024 జనవరి 15వ తేదీన బెలాల్ తుఫానునాడు పోర్ట్ లూయీ వీధులలో వరద కార్లను కొట్టుకొనిపోయినది. తీరమున ఉన్నవారు ఒక ప్రతిని క్యూర్‌పీప్ వైపు మిట్టమీద ఉన్న బంధువుల ఇంట నుంచుట మంచిది. ప్రతి తీసినంత మాత్రమున చాలదు. వేరొక యంత్రములో దానిని తెరచి, అక్షరములు కనబడుచున్నవో లేదో చూడవలెను.

రెండవది, వాడుకలో ఉన్న ప్రోగ్రాములను, ప్రింటరును, స్కానరును ఒక కాగితముపై వ్రాసికొని, అవి కొత్త వ్యవస్థతో పనిచేయునో లేదో తయారీదారుల సమాచారము చూచి తెలిసికొనవలెను. మంచి ప్రింటరొకటి మూలబడుట వలన కలుగు ఖర్చును కూడ లెక్కలో చేర్చవలెను.

మూడవది, తాళపు చెవుల సంగతి. కొత్త వ్యవస్థలు యంత్రమును ఒక ఖాతాతో ముడిపెట్టును. కొన్ని యంత్రములలో డిస్కు మొత్తము సంకేతలిపిలోనికి మారి, దానిని తెరచు రహస్య సంఖ్య ఆ ఖాతాలో నిలువయుండును. సంఘము యంత్రము ఒకే వ్యక్తి సొంత ఖాతాపై నడచుచుండగా ఆ వ్యక్తి విదేశమునకు పోయినచో తెరచువారుండరు. హుండీకి ఇద్దరి యొద్ద తాళపు చెవులుండుట మన ఆచారము. కంప్యూటరునకును అదే ఆచారము పాటింపవలెను: ఖాతా సంఘము పేర నుండవలెను, రహస్య సంఖ్య కాగితముపై వ్రాసి ఇద్దరు బాధ్యుల యొద్ద నుండవలెను.

నాలుగవది, ముహూర్తము. ఉగాదికి మూడు దినములు ముందు, రామభజన ఉత్సవమునకు ఆహ్వాన పత్రికలు అచ్చగుచుండగా ఈ పని తలపెట్టరాదు. తుఫాను హెచ్చరిక యున్నపుడు అసలే తలపెట్టరాదు. మార్పు నడుమ విద్యుత్తు ఆగినచో వ్యవస్థ చెడు ప్రమాదము కలదు. తుఫానుల కాలము గడచిన జూన్, సెప్టెంబరు నెలల నడుమ తీరిక దినము చూచుకొనుట మేలు. విండోస్ 10 నుండి 11కు మారిన పిమ్మట పది దినములలోపల తిరిగి పాతదానికి పోవు సౌకర్యము కలదు. కావున ఆ పది దినములలో ప్రతి పనియు ఒకసారి చేసి చూడవలెను.

మన సంఘము చేసిన నిర్ణయము

కార్యాలయములో రెండు యంత్రములు కలవు. ఒకటి 2019 నాటిది, చందాలు, రసీదులు, ఉత్తర ప్రత్యుత్తరములు దానిలో నడచుచున్నవి, ఇంటర్నెట్టుతో కలిసియున్నది, పరీక్షలో యోగ్యత దొరకినది. దానిని విండోస్ 11కు మార్చుటకు కార్యవర్గము తీర్మానించినది. రెండవది 2014 నాటిది; యోగ్యత లేదు. కాని మన పాత సంచికలను తెలుగుగా చూపగలిగినది అదియొక్కటే. కొందరు సభ్యులు దానిని వెంటనే తీసివేయుమనిరి. మరికొందరు దానియందే అన్ని పనులు సాగింపుమనిరి. తుదకు రెండు పక్షములును ఒప్పుకొన్నదేమనగా, దానిని ఇంటర్నెట్టు నుండి విడదీయుట. అందున్న ప్రతి సంచికను మొదట చూపునకు తెలుగుగా నిలుచు పి.డి.ఎఫ్. రూపమున భద్రపరచుట, పిమ్మట యూనికోడ్‌లోనికి మార్చుట. ఆ పని ముగిసిన తరువాతనే, అంతకు ముందు కాదు, ఆ యంత్రములో లినక్స్ పెట్టి ఆదివారపు తెలుగు తరగతి పిల్లలకు ఇచ్చెదము.

పాత ఫాంటుల నుండి యూనికోడ్‌లోనికి మార్చు ప్రోగ్రాములు కలవు. కాని వత్తులు తప్పుదు, “ల”కు “ళ” పడును, దీర్ఘములు జారిపోవును. మార్చిన ప్రతి పుటను తెలుగు చక్కగా వచ్చినవారు మూలముతో పోల్చి చదివి దిద్దవలెను. ఈ పని యే యంత్రమును చేయలేదు. యంత్రము మార్చుటకు మన యువకులు కావలెను. అక్షరము దిద్దుటకు మన పెద్దలు కావలెను. తెలుగును ధారాళముగా చదివి తప్పు పట్టగల పెద్దలు మన గ్రామములలో ఏటేట తగ్గుచున్నారు. గడువు అనునది నిజముగా ఉన్నచో అది ఇచటనే యున్నదని మేము తలచుచున్నాము.

కావున మా మనవి యిది. ఇండ్లలో పాత కంప్యూటరులు, డిస్కులు, సి.డి.లు ఉన్నవారు, వానిలో మన సంఘమునకు, మన కుటుంబముల చరిత్రకు సంబంధించిన తెలుగు వ్రాతలున్నవో లేవో చూచి, తుడిచివేయుటకు ముందు కార్యాలయమునకు తెలుపవలెను. అక్షరములు దిద్దుటకు ఇష్టపడు పెద్దలు ఆదివారము పూజానంతరము కార్యాలయమునకు దయచేయవలెను. మీట లెట్లు నొక్కవలెనో పిల్లలు చూపింతురు. కళ్లద్దములు మాత్రము మరువక తెచ్చుకొన ప్రార్థన.